పదాల జల్లెడ: స్టీఫెన్ కోల్ క్లేనీ

కళ్లంలో ధాన్యం తూర్పారబట్టే రైతుకు గాలి తోడు. గింజ బరువు, పొట్టు తేలిక. కనుక గాలే రెంటినీ వేరు చేస్తుంది. వేల పుటల గ్రంథం నుంచి కావలసిన మాటలను మాత్రమే ఏరవలసి వచ్చినప్పుడు అటువంటి సౌకర్యం లేదు. మాటలన్నీ ఒకే బరువు. ఒక జిల్లాలోని గ్రామాల వివరాలున్న పెద్ద పత్రం నుంచి ‘పురం’తో ముగిసే ఊరి పేర్లు మాత్రమే కావాలంటే, పూర్వం ఒక గుమాస్తా కళ్లజోడు సవరించుకొని, పంక్తి పంక్తికీ వేలు ఆనించి చదువుకుంటూ పోవలసిందే. నేడు షెల్ స్క్రిప్టు అనే ఆదేశాల పత్రంలో ఒక్క పంక్తి రాస్తే చాలు, ఆ పేర్లన్నీ వరుసగా కంప్యూటరు తెర మీదికి వస్తాయి. ఆ పంక్తిలో, కావలసిన మాట రూపాన్ని వర్ణించే సూత్రానికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అని పేరు. అటువంటి సూత్రాలలో తరచుగా కనిపించే నక్షత్రపు గుర్తును క్లేనీ నక్షత్రం అంటారు. ఆ గుర్తుకు పేరిచ్చిన స్టీఫెన్ కోల్ క్లేనీ తర్కశాస్త్రవేత్త. మాటలను ఏరడం కోసం ఆయన ఈ పద్ధతిని కనిపెట్టలేదు. నాడీకణాల వల వంటి యంత్రం దేనిని గుర్తించగలదు, దేనిని గుర్తించలేదు అన్న ప్రశ్నకు సమాధానం వెదకుతుండగా అది ఆయన చేతికి చిక్కింది.

క్లేనీ 1909 జనవరి 5న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, హార్ట్‌ఫర్డ్ నగరంలో జన్మించాడు. తండ్రి గుస్తావ్ అడాల్ఫ్ క్లేనీ ఆ నగరంలోని ట్రినిటీ కళాశాలలో అర్థశాస్త్ర ఆచార్యుడు. తల్లి ఆలిస్ కోల్ కవయిత్రి. ఇంటిపేరును చాలామంది ‘క్లీన్’ అనో ‘క్లీనీ’ అనో పలికేవారు. ఆయన మాత్రం ‘క్లేనీ’ అనే పలికేవాడు. మెయిన్ రాష్ట్రంలో ఆ కుటుంబానికి ఒక వ్యవసాయ క్షేత్రం ఉండేది. ఎక్కడ ఉద్యోగం చేసినా ఆయన తన సొంత ఊరుగా భావించింది దానినే. కొండలెక్కడం, అడవిలో నడవడం ఆయనకు కడదాకా ప్రీతిపాత్రమైన వ్యాపకాలు. ఆమ్‌హర్స్ట్ కళాశాలలో 1930లో పట్టభద్రుడై, పై చదువులకు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో చేరాడు.

అక్కడ ఆయనకు లభించిన గురువు అలాంజో చర్చ్. గణితశాస్త్రమంతటికీ పునాది కాగల ఒక కొత్త తర్కవ్యవస్థను చర్చ్ అప్పుడే నిర్మిస్తున్నాడు. ఆ వ్యవస్థలో సంఖ్య అంటే ఒక పనిని ఎన్నిసార్లు చేయాలో తెలిపే ఆదేశం. మూడు అంటే మూడుసార్లు చేయడం. నాలుగు అంటే ఇంకొక్కసారి చేయడం. ఈ పద్ధతిలో ఒకటి కలపడం సులభమే కాని, ఒకటి తీసివేయడం ఎలాగో ఎవరికీ తెలియలేదు. చేసిన పనిని మరల చేయవచ్చు గాని, చేసిన దానిని చేయనట్లుగా మార్చడం ఎలా? అది అసాధ్యమేమోనని చర్చ్ సైతం భావించసాగాడు. పూర్ణసంఖ్యల గణితాన్ని ఆ వ్యవస్థలో నిర్మించి చూపే పని మాత్రం ఆయన శిష్యుడైన క్లేనీ మీద పడింది.

1932లో ఒకనాడు క్లేనీ జ్ఞానదంతాలు తీయించుకోవడానికి దంతవైద్యుని వద్దకు వెళ్లాడు. దారి అక్కడ తోచింది. దాని సారాంశం ఇది: ఒక్కొక్క మెట్టు ఎక్కుతున్నప్పుడు ప్రస్తుతపు సంఖ్యతో పాటు, దానికి ముందున్న సంఖ్యను కూడా వెంట తీసుకొనిపోవాలి. గమ్యం చేరిన తరువాత మొదటిదానిని విడిచి, వెంట తెచ్చిన రెండవదానిని చూపితే అదే ఒకటి తక్కువైన సంఖ్య. వెనుకకు నడవవలసిన అవసరమే లేదు. పన్ను ఊడదీసే చోట సంఖ్యలోనుంచి ఒకటి ఊడదీసే ఉపాయం దొరకడం తర్కశాస్త్ర చరిత్రలో నేటికీ చెప్పుకొనే ముచ్చట. అసాధ్యమనుకొన్నది సాధ్యం కావడంతో, గణించదగినదంతా ఈ పద్ధతిలో గణించవచ్చునేమో అన్న ఆశ ప్రిన్స్‌టన్‌లో చిగురించింది.

ఆ ఆశ వెంటనే ఒక కఠిన పరీక్షకు గురి అయింది. క్లేనీ, ఆయన సహాధ్యాయి బార్క్‌లీ రాసర్ కలిసి గురువు వ్యవస్థను లోతుగా పరిశీలించగా, అందులో ఒక వైరుధ్యం బయటపడింది. తర్కవ్యవస్థలో వైరుధ్యం అంటే గోడలో బీట వంటిది కాదు. అది పునాదే లేకపోవడం. అటువంటి వ్యవస్థలో సత్యాన్నీ నిరూపించవచ్చు, అసత్యాన్నీ నిరూపించవచ్చు. ఏ వ్యవస్థ మీద తన సిద్ధాంత వ్యాసాన్ని నిర్మించుకొన్నాడో, ఏ గురువు పర్యవేక్షణలో డాక్టరేటు పొందవలసి ఉన్నదో, ఆ గురువు వ్యవస్థయే నిలువదని శిష్యుడు చెప్పవలసి వచ్చింది. శిష్యులు దాచలేదు, గురువు అడ్డుపడలేదు. క్లేనీకి 1934లో డాక్టరేటు లభించింది; వైరుధ్యాన్ని వివరించే వ్యాసం 1935లో శిష్యులిద్దరి పేరుతో ప్రకటితమైంది. గురుశిష్యులలో ఎవరి నిజాయితీ గొప్పదో తేల్చడం కష్టం. కూలిన కట్టడంలో ఒక్క భాగం మాత్రం చెక్కుచెదరలేదు. అది గణన పద్ధతిని వర్ణించే లాంబ్డా కలన భాగం. క్లేనీ సంఖ్యల కోసం చేసిన కృషి అంతా ఆ భాగంలోనే ఉండటం వల్ల నిలిచింది.

మిగిలిన ఆ భాగమే యంత్రప్రాయంగా చేయదగిన గణనలన్నింటికీ సరియైన నిర్వచనమని చర్చ్ ప్రతిపాదించాడు. క్లేనీ గురువు మాటను గురువు మాట అయినందువల్ల ఒప్పుకొనే శిష్యుడు కాడు. దానిని ఖండించే ఉద్దేశంతోనే కూర్చున్నాడు. తనకు తెలిసిన ఖండన పద్ధతి ఇక్కడ ఎందుకు పని చేయదో గ్రహించి, తెల్లవారేసరికి ఆ ప్రతిపాదనకు సమర్థకుడయ్యాడు. ఆ కాలంలోనే, 1934లో, కుర్ట్ గోడెల్ ప్రిన్స్‌టన్‌లో ఇచ్చిన ఉపన్యాసాలను క్లేనీ, రాసర్ రాసిపెట్టారు. గోడెల్ సూచించిన మరొక నిర్వచనమూ, చర్చ్ నిర్వచనమూ ఒకటేనని 1936లో క్లేనీ నిరూపించాడు. వేర్వేరు దారులలో బయలుదేరినవారు ఒకే ఊరు చేరారని చూపడం ఆయనకు అలవాటైన పని. మునుముందు ఈ నైపుణ్యమే మరొక చోట అక్కరకు వచ్చింది.

1935లో క్లేనీ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఉపాధ్యాయుడుగా చేరాడు. 1942లో నాన్సీ ఎలియట్‌తో వివాహమైంది. వారికి నలుగురు సంతానం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నౌకాదళంలో చేరి, న్యూయార్కులో నౌకాయాన శాస్త్రాన్ని బోధించాడు; తరువాత వాషింగ్టన్‌లోని నౌకా పరిశోధనాలయంలో పనిచేశాడు. 1946లో మరల విస్కాన్సిన్ చేరి, 1948లో ఆచార్యుడయ్యాడు.

1951 వేసవిలో ఆయన కాలిఫోర్నియా తీరంలోని సాంటా మోనికాలో ఉన్న రాండ్ సంస్థలో పనిచేయడానికి వెళ్లాడు. అక్కడ ఆయన చేతికి 1943 నాటి ఒక వ్యాసం వచ్చింది. దానిని రాసినవారు ఇద్దరు: నాడీమండల వైద్య పరిశోధకుడు వారెన్ మెకల్లక్, అప్పటికి ఇరవై ఏళ్ల యువకుడు వాల్టర్ పిట్స్. నాడీకణం ఉద్రేకించడమో, ఊరకుండటమో రెండే తప్ప నడిమి స్థితి లేదు కనుక, కణాల వలను ‘అవును’, ‘కాదు’ అనే తర్కవాక్యాల వలగా చూడవచ్చునని వారు ప్రతిపాదించారు. పిట్స్ కథ విషాదకరమైనది. పట్టాలు లేని ఆ మేధావి కొన్నేళ్లకు లోకంతో సంబంధాలు తెంచుకొని, తన రాతలను తానే కాల్చివేసి, 1969లో నలభై ఆరేళ్ల వయస్సులో మరణించాడు. ఆయన ఇరవై ఏళ్ల వయస్సులో రాసిన ఆ వ్యాసం మాత్రం ఎందరికో దారి చూపింది.

ఆ వ్యాసాన్ని చదివిన క్లేనీ తన స్వభావానికి తగిన ప్రశ్న వేసుకొన్నాడు. ఇటువంటి వలకు పరిమితమైన కణాలే ఉంటాయి. కనుక దాని జ్ఞాపకశక్తి పరిమితం. దాని ముందు ఒకదాని తరువాత ఒకటిగా సంకేతాలు ప్రవహిస్తాయి. ఎటువంటి సంకేతమాలలను అది గుర్తుపట్టగలదు? క్లేనీ ఇచ్చిన సమాధానంలో మూడే పనులున్నాయి. రెండింటిలో ఏదో ఒకటి కావడం మొదటిది. ఒకదాని తరువాత మరొకటి రావడం రెండవది. ఒకటే ఎన్నిసార్లయినా తిరిగి రావడం మూడవది. ఈ మూడవదానికే నక్షత్రపు గుర్తు.

ఛందస్సు నేర్చిన తెలుగు విద్యార్థికి ఇవి కొత్తవి కావు. సూర్యగణం అంటే నగణమో, గలమో, ఏదో ఒకటి: ఇది మొదటి పని. ఇంద్రగణం అంటే నల, నగ, సల, భ, ర, త అనే ఆరింటిలో ఏదో ఒకటి: ఇదీ మొదటి పనే. తేటగీతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మరల రెండు సూర్యగణాలు వరుసగా వస్తాయి: ఇది రెండవ పని. ఇక ద్విపదలో పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. అటువంటి పాదాలు రెండేసి చొప్పున ఎన్ని జంటలైనా రావచ్చు. బసవపురాణం, రంగనాథ రామాయణం అలా సాగినవే. ఇన్ని అని లెక్క కట్టని ఆ ఆవృత్తియే నక్షత్రం. గురులఘువుల వరుసను ముందుంచితే, అది ద్విపద నడక అవునో కాదో పరిమిత జ్ఞాపకం గల యంత్రం తేల్చగలదు. ప్రాసను సరిచూడాలన్నా మోయవలసింది జంటకు ఒక్క అక్షరాన్నే. జంట ముగిసిన తరువాత దానిని మరచిపోవచ్చు.

యంత్రం ఓడిపోయే చోటు వేరే ఉన్నది. తెనాలి రామకృష్ణుని బిరుదుగా ప్రసిద్ధమైన ‘వికటకవి’ అనే మాట ఎటునుంచి చదివినా ఒకటే. ఆ ఒక్క మాటను గుర్తించడం సులభం. కాని ఎంత పొడవైన మాటనైనా తీసుకొని, అది ఎటునుంచి చదివినా ఒకటేనా అని అడిగితే పరిమిత జ్ఞాపకం చాలదు. మాట పొడవు పెరిగినకొద్దీ సగం వరకు చదివిన అక్షరాలన్నింటినీ దాచుకోవలసి వస్తుంది. దాచుకొనే చోటు మాత్రం పెరగదు. మూడు పనులతో వర్ణించగలవాటినన్నింటినీ ఇటువంటి యంత్రాలు గుర్తించగలవు. యంత్రాలు గుర్తించగలవాటినన్నింటినీ ఆ మూడు పనులతో వర్ణించవచ్చు. ఇదే క్లేనీ సిద్ధాంతం. ఇక్కడ కూడా రెండు దారులు ఒకే ఊరు చేరాయి.

1951 డిసెంబరులో రాండ్ సంస్థ అంతరంగిక నివేదికగా వెలువడిన ఈ కృషి, 1956లో క్లాడ్ షానన్, జాన్ మెకార్తీల సంపాదకత్వంలో వచ్చిన గ్రంథంలో అచ్చయింది. ఈ సంకేతమాలలకు క్లేనీ ‘రెగ్యులర్’ అనే విశేషణం వాడాడు. అది ఆయనకే నచ్చలేదు. ఇంతకన్న అర్థవంతమైన మాట తోస్తే తెలుపవలసిందని పాఠకులను ఆ వ్యాసంలోనే కోరాడు.

తర్కవేత్తగా క్లేనీకి అంతకుముందే పేరు తెచ్చిన రచన 1952లో వెలువడిన ‘ఇంట్రడక్షన్ టు మెటామ్యాథమ్యాటిక్స్’. ఒక తరం విద్యార్థులు తర్కశాస్త్రాన్ని ఆ పుస్తకం నుంచే నేర్చుకొన్నారు. దాని పక్కన నాడీవలల వ్యాసం చిన్నది. వేసవి సెలవులలో చేసిన పని. అయినా సామాన్యుల చేతికి అందింది చిన్నదే.

అందించినవాడు కెన్ థాంప్సన్. క్లేనీ సూత్రాన్ని కంప్యూటరు చేత ఎలా చదివించవచ్చో ఆయన 1968లో ఒక వ్యాసంలో వివరించాడు. సూత్రానికి సరిపోయే మార్గాలు పలు విధాలుగా ఉన్నప్పుడు, ఒక్కొక్క మార్గంలో వెళ్లి, తప్పితే వెనుకకు వచ్చి వెదకడం కాలహరణం. దానికి బదులు, సాధ్యమైన మార్గాలన్నింటినీ ఒకేసారి మనసులో ఉంచుకొని, పాఠంలోని ప్రతి అక్షరాన్ని ఒక్కసారి మాత్రమే చదువుతూ ముందుకు సాగడం ఆయన పద్ధతి. పంటి వైద్యుని వద్ద క్లేనీకి తోచిన ఉపాయాన్ని ఎరిగినవారికి ఇందులో ఒక పోలిక కనిపిస్తుంది: ఇక్కడా వెనుకకు నడక లేదు.

అది క్లేనీకి శాంతి లేని కాలం. 1969లో ఆయన విస్కాన్సిన్‌లో సాహిత్య, విజ్ఞానశాస్త్రాల కళాశాలకు డీన్ అయ్యాడు. వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా విద్యార్థులు ఆందోళన చేస్తున్న రోజులవి. 1970 ఆగస్టులో, సైన్యానికి చెందిన గణిత పరిశోధన కేంద్రం ఉన్న భవనం వద్ద ఆందోళనకారులు బాంబు పేల్చారు. ఆ కేంద్రంతో సంబంధమే లేని ఒక యువ భౌతికశాస్త్ర పరిశోధకుడు అందులో మరణించాడు. కొన్నేళ్ల ముందు ఆ కేంద్రానికి తాత్కాలిక సంచాలకుడుగా ఉన్నది క్లేనీయే. అదే సంవత్సరం భార్య నాన్సీ కన్నుమూసింది. అయినా 1974 వరకు ఆయన ఆ పదవీ బాధ్యతను నిర్వహించాడు.

ఈ నడుమ బెల్ ప్రయోగశాలలో మరొక సంగతి జరిగింది. అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ 1787, 1788లలో వెలువడిన ‘ఫెడరలిస్ట్’ వ్యాసాలు ఎనభై అయిదు. వాటిలో పన్నెండింటిని హామిల్టన్ రాశాడా, మాడిసన్ రాశాడా అన్న వివాదం ఉండేది. ఎవరు ఏ మాటను ఎంత తరచుగా వాడతారో లెక్కిస్తే రచయిత బయటపడతాడు. లీ మెక్‌మాన్ అనే పరిశోధకుడు ఆ వ్యాసాలను కంప్యూటరులో వెదకదలచాడు గాని, ఆనాటి ఎడిటర్ ప్రోగ్రాములో అంత పెద్ద పాఠం పట్టలేదు. థాంప్సన్ ఆ ఎడిటరులోని వెదకే భాగాన్ని మాత్రమే విడదీసి, ప్రత్యేక పరికరంగా మార్చాడు. పాఠం ఎంత పెద్దదైనా అది పంక్తి తరువాత పంక్తిని చదివి, సరిపోయినదానిని చూపి, మిగిలినదానిని వదలివేస్తుంది. 1973లో యునిక్స్ వ్యవస్థలో చేరిన ఆ పరికరమే గ్రెప్. మొదట్లో అది మొత్తం పంక్తిని చూపేది. తరువాతి కాలపు రూపాలలో ‘ఓ’ అనే అక్షరాన్ని జోడిస్తే, పంక్తిని విడిచి సరిపోయిన మాటను మాత్రమే ఏరి ఇస్తుంది. షెల్ స్క్రిప్టులో దాని ఫలితాన్ని సార్ట్ అనే ఆదేశానికి, అక్కడినుంచి యునిక్ అనే ఆదేశానికి అందిస్తే, ఏ మాట ఎన్నిసార్లు వచ్చినదో పట్టిక సిద్ధమవుతుంది. కొన్ని పరికరాలు ముందు చదివిన ముక్కను తిరిగి పిలుచుకొనే సౌకర్యం కూడా కల్పించి, క్లేనీ గీసిన హద్దును దాటాయి. అందుకు చెల్లించే మూల్యం వేగం. అటువంటి సూత్రాలు కొన్నిసార్లు ఎంతకీ తెమలవు.

తెలుగు పాఠాన్ని జల్లెడ పట్టేవారికి ఎదురయ్యే చిక్కులు వేరు. ‘స్త్రీ’ మనకు ఒకే అక్షరం. యూనికోడ్ పద్ధతిలో అది సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, దీర్ఘ ఈకారపు గుర్తు అని ఆరు సంకేతాలు. సూత్రంలో ఏదైనా ఒక అక్షరం అని రాస్తే, యంత్రం ఆరింటిలో ఒకదానిని పట్టుకొని, మాటను నడిమికి విరిచినా విరవవచ్చు. అంతేకాక ‘రాముడు’ అని వెదికితే ‘రాముని’, ‘రామునికి’ జారిపోతాయి. సంధి జరిగిన చోట మాట అంచే కనబడదు. అందుచేత ‘రాము’ తరువాత డు, ని, నికి వీటిలో ఏదో ఒకటి అని ఎంపికను సూత్రంలో చేర్చవలసి ఉంటుంది. వ్యాకరణం తెలియనివాడు తెలుగులో మంచి సూత్రం రాయలేడు.

క్లేనీ 1979లో పదవీ విరమణ చేశాడు. దానికి ఏడాది ముందు జీన్ డన్‌ను వివాహమాడాడు. అమెరికన్ గణితశాస్త్ర సంఘం 1983లో స్టీల్ బహుమతిని, అమెరికా ప్రభుత్వం 1990లో జాతీయ విజ్ఞానశాస్త్ర పతకాన్ని ఆయనకు ఇచ్చాయి. 1994 జనవరి 25న, ఎనభై అయిదేళ్ల వయస్సులో, మాడిసన్ నగరంలో ఆయన కన్నుమూశాడు. 1956లో ఆయన కోరిన మెరుగైన మాట స్థిరపడలేదు. ‘రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్’ అనే రెండు మాటల మొదటి అక్షరాలు గ్రెప్ అనే పేరు నడుమ అలాగే ఉండిపోయాయి.